ట్రెజరర్ పని వదిలేద్దామనుకుంటున్నా, నా బదులు ఒకరి పేరు చెప్పొచ్చా?

మూడో బ్లాక్ మనిషి:
మాది మియాపూర్ వైపు 42 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎవరూ ముందుకు రాకపోతే ఒక్క ఏడాదే కదా అని అసోసియేషన్ ట్రెజరర్‌గా ఒప్పుకున్నా, నాలుగేళ్లయింది. నేను ఆఫీసు మీటింగ్‌లో ఉండగా లిఫ్ట్ వాళ్లకు డబ్బు పంపాలంటే ఓటీపీ నా ఫోన్‌కే, రాత్రి పదకొండుకి జనరేటర్‌లో డీజిల్ అయిపోతే ఫోన్ నాకే, మెయింటెనెన్స్ అడిగితే "ముందు మా బాత్రూమ్ లీకేజీ సంగతి చూడండి" అనే మాటా నాకే. అమ్మకి బాగోక ఈమధ్య వారం వారం ఊరెళ్తున్నా, ఇక నావల్ల కాదు.

మా పైన బ్యాంకులో రిటైరైన ఆంటీ ఉన్నారు. పోయిన జనరల్ బాడీ మీటింగ్‌లో నేను ఒక ప్లంబర్ బిల్లు, 640 రూపాయలది, రెండుసార్లు రాశానని పట్టుకున్నది ఆవిడే. గ్రూప్‌లో రాజీనామాతో పాటు ఆవిడ పేరు కూడా పెట్టేద్దామనుకుంటున్నా. ప్రెసిడెంట్ గారేమో "ఇంకో ఏడాది లాగించు బాబూ" అంటున్నారు.

గేటు పక్క ఫ్లాట్:
ఆవిడని అడిగారా అసలు? అడక్కుండా గ్రూప్‌లో పేరు పెడితే కింద నలభై చప్పట్ల బొమ్మలు పడతాయి, ఇక ఆవిడ కాదనలేరు. ముందు ఇంటికెళ్లి మాట్లాడండి. ప్రెసిడెంట్ గారికి తేదీ చెప్పేయండి, మార్చి 31 అనుకోండి, ఏడాది లెక్క కూడా అక్కడే ముగుస్తుంది. తేదీ లేని రాజీనామాని ఎవరూ పట్టించుకోరు.

పాత సెక్రటరీ:
నన్నడిగితే పేరు చెప్పకండి. నేను దిగిపోతూ ఒకాయన పేరు చెప్పా, "తన మనిషిని పెట్టి వెళ్తున్నాడు, లెక్కల్లో ఏదో ఉంది" అని మొదలెట్టారు. జనరల్ బాడీలో ఇంకెవరితోనైనా ప్రతిపాదించండి. మీది 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ అయిన సంఘమైతే, ఏటా జనరల్ బాడీ అయ్యాక 15 రోజుల్లోపు కమిటీ జాబితా రిజిస్ట్రార్ ఆఫీసులో ఇవ్వాలి. అది మర్చిపోకండి. బ్యాంకులో సంతకాలు మార్చడానికి తీర్మానం కాపీ కూడా కావాలి.

బాల్కనీ తులసి:
నేనూ ఇలా ఒకరు పేరు చెబితే ట్రెజరర్ అయినదాన్నే. లెక్కల ఫైలు ఇచ్చారు కానీ ఏ ఫ్లాటు వాళ్లు మూడుసార్లు అడిగితే గానీ కట్టరో, ఏ ఓనరు అమెరికాలో ఉండి మూడు నెలలకోసారి పంపుతారో ఒక్క ముక్క చెప్పలేదు, మొదటి నెల ఏడుపొక్కటే తక్కువ. అవి కాగితం మీద రాసివ్వండి. కార్పస్ (పెద్ద ఖర్చులకని అందరూ కట్టి దాచిన నిధి) ఎఫ్‌డీలు ఎప్పుడు రెన్యువల్‌కి వస్తాయో కూడా. రెండు నెలలు పక్కన కూర్చుని చూపించండి.

మూడో బ్లాక్ మనిషి:
నిన్న సాయంత్రం ఆంటీ వాళ్లింటికి వెళ్లొచ్చా. టీ ఇచ్చి ముందు అడిగింది "బాకీలెంత?" అని. చెప్పా, 86 వేలు. కాసేపు మాట్లాడలేదు. మన అపార్ట్‌మెంట్‌కి జీఎస్టీ గోల ఉందా అన్నారు. నెలకు ఒక్కొక్కరి మెయింటెనెన్స్ 7,500 దాటితేనే అది, మనది 2,800 అని చెప్తే ఊపిరి పీల్చుకున్నారు. చివరికి ఒప్పుకున్నారు కానీ షరతు పెట్టారు: నగదు ఎవరి దగ్గరా తీసుకోనని, ఆ బాకీల జాబితా నా చేతులతోనే నోటీసు బోర్డు మీద అంటించి మరీ దిగాలని. జనరల్ బాడీలో పేరు వాచ్‌మన్ గది ఎదురు ఫ్లాటాయన చెప్తానన్నారు. బాకీల్లో మొదటి పేరు ప్రెసిడెంట్ గారిదే, ఆ సంగతి ఆంటీకి ఇంకా చెప్పలేదు.