గుణకమున్న? గుణాంకమున్న?

బాలానగర్ ఫిట్టర్: ఐటీఐలో మా ఎలక్ట్రికల్ సారు పవర్ ఫ్యాక్టర్ (లైను మోసే మొత్తం వోల్ట్-ఆంపియర్లలో పనికొచ్చే వాట్ల వంతు) పాఠానికి ముందు ఒక పద్యం చదివేవారు. నాకు చివరి పాదమే మిగిలింది: "మెరుగు గుణకమున్న మీటరెరుగు". గుణకమంటే ఆ పవర్ ఫ్యాక్టరే. అప్పటి పక్క బెంచీవాడు నిన్న ఫోన్లో "గుణకం కాదురా, గుణాంకం" అన్నాడు. రాత్రంతా అదే గోల. మిగతా మూడు పాదాలు ఎవరికైనా తెలుసా?

గురులఘువు: గుణాంకం పెడితే పాదం కుంటుతుంది. మెరుగు, గుణక, మున్న, మీట, రెరుగు: అయిదూ సూర్యగణాలు (మూడు లఘువులు, లేదా గురువు వెంట లఘువు). మె–మీ యతి కూడా కుదిరింది. "గుణాంక" జగణం (లఘువు, గురువు, లఘువు), ఆటవెలదిలో దానికి చోటేదీ?

నిఘంటువు మామ: ఒక్క పాదం పట్టుకుని ఆటవెలది అనేస్తే ఎలాగండీ? లెక్కల పుస్తకంలో ఫ్యాక్టర్ అంటే కారణాంకం. ఆ "అంకం" మీ స్నేహితుడి చెవిలో ఉండిపోయింది, అంతే. నన్నడిగితే రెండూ కాదు, సామర్థ్య కారకం. శక్తి అని మాత్రం అనకండి, అది ఎనర్జీకి పోయింది.

రాణిగంజ్ వైండర్: కారకం అంటే వ్యాధికారకం గుర్తొస్తుంది స్వామీ. దాంతో గుణిస్తాం కాబట్టి గుణకమే. నా బల్ల మీదున్న మోటారు ప్లేటు చూడండి: 7.5 కిలోవాట్లు, 415 వోల్టులు, 14 ఆంపియర్లు, దక్షత 88 శాతం, త్రీఫేజు. త్రీఫేజు కాబట్టి 1.732 × 415 × 14, సుమారు 10.06 కేవీఏ (కిలో వోల్ట్-ఆంపియర్లు). కొత్త కుర్రాళ్లు 7.5ని దీంతో భాగించి 0.75 అని రాసేస్తారు. ప్లేటు మీది 7.5 షాఫ్టు దగ్గర ఇచ్చేది. లైను నుంచి లాగేది 7.5 ÷ 0.88, అంటే 8.52 కిలోవాట్లు. దాన్ని 10.06తో భాగిస్తే 0.85. లోడు లేకుండా తిప్పి చూడండి, ఇదే మోటారు 0.2, 0.3కి పడిపోతుంది. పని లేకపోయినా అయస్కాంతానికి కరెంటు కావాలిగా.

గురులఘువు: అయితే "మీటరెరుగు" అబద్ధం. మా ఇంటి మీటరుకు యూనిట్లు తప్ప గుణకం సంగతి పట్టదు.

రాణిగంజ్ వైండర్: ఫ్యాక్టరీ మీటరండీ. కేవీఏహెచ్ (కేవీఏ × గంటలు) లెక్కన బిల్లు పడే చోట కెపాసిటర్ పెట్టగానే దానికి తెలిసిపోతుంది. మోటారు తాగే కరెంటు తాగుతూనే ఉంటుంది, లైను మీద మోత తగ్గుతుంది.

నిఘంటువు మామ: పాటలవాళ్ల మీటరేమో! సారు చమత్కారి అయ్యుంటారు. ఆటవెలది అన్నారు కాబట్టి వేమన్న దగ్గరికి రావాల్సిందే. కంచు, కనకం పద్యం ఈ మోటారుకే రాసినట్టుంది: గుణకం తగ్గితే ఆంపియర్ల హడావుడే గానీ పనేదీ? అన్నట్టు అది "కంచు మ్రోగునట్లు". "మోగు" అని చదివితే నాకు ఒళ్లు మంట.

గురులఘువు: "మ్రో" పెడితే ముందున్న "చు" గురువైపోదూ?

నిఘంటువు మామ: తేల్చి (నొక్కకుండా) పలికే రేఫకు (ర ఒత్తుకు) ముందు లఘువే. మాకు బళ్లో బెత్తంతో నేర్పారు.

గురులఘువు: తేల్చేదీ ఊదేదీ చదివేవాడి ఇష్టమా మామగారూ?

బాలానగర్ ఫిట్టర్: పెద్దలూ, మిగతా మూడు పాదాలు?

రాణిగంజ్ వైండర్: నాకు పని నేర్పినాయన "మోటరు తిరుగునపుడు" అని ఏదో ఎత్తుకునేవాడు. మోటరో, మోటారో మాత్రం గట్టిగా చెప్పలేను.

గురులఘువు: మోటారు అయితే మొదటి గణమే పోయింది.