అప్‌డేట్: మైలేజ్ రాని నా పాత సెడాన్ సంగతి

లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగిన పెట్రోల్ సెడాన్ కొన్నాను, మైలేజ్ లీటరుకు 11 కిలోమీటర్లు దాటట్లేదు, ఏం చేయాలి అని అడిగాను కదా. చాలామంది ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేయించమన్నారు. ఒక అన్న మాత్రం "డాష్‌బోర్డు మీద ఇంజన్ టెంపరేచర్ ముల్లు ఎక్కడ ఆగుతుందో చూడు తమ్మీ" అన్నాడు. అసలు సంగతి అక్కడే దొరికింది.

హన్మకొండ నుంచి జనగామ దాకా హైవే మీద పోయినా ముల్లు సగానికి రాలేదు. ములుగు రోడ్డులో మెకానిక్‌తో థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వని వాల్వు) ఉండే హౌసింగ్ విప్పిస్తే లోపల అదే లేదు! ఒట్టి రబ్బరు రింగు. ఎండాకాలం ఇంజన్ వేడెక్కుతోందని ఎవరో తీయించేసి ఉంటారు, మన దగ్గర ఇది మామూలే. కానీ ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఈసీయూ (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువే పంపుతుంది. కొత్త థర్మోస్టాట్ వేయించి, రేడియేటర్‌లోని నల్లా నీళ్లు తీసేసి కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) పోయించాను. రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో కూడా చూసుకున్నాం.

ఇంకోటి, ముందు ఎడమ చక్రం రిమ్ము ముట్టుకోలేనంత వేడెక్కేది. బ్రేకు కాలిపర్ పిన్నులు పట్టేశాయట, అంటే బ్రేకు పూర్తిగా వదలకుండా చక్రాన్ని పట్టుకునే ఉంది. శుభ్రం చేసి గ్రీజు పెట్టాక, జాకీ మీద చక్రం చేత్తో తిప్పితే హాయిగా తిరుగుతోంది. ఎయిర్ ఫిల్టర్ మారిస్తే పికప్ బాగైంది గానీ మైలేజ్‌లో పెద్ద తేడా లేదు.

ఫుల్ ట్యాంక్ నుంచి ఫుల్ ట్యాంక్‌కి లెక్కేస్తే ఇప్పుడు హైవే మీద 15, కాజీపేట ట్రాఫిక్‌లో 12 వస్తోంది. పెట్రోల్‌లో కలిపే అడిటివ్ సీసాలు కొనలేదు, కొనను కూడా. గేర్ ఆయిల్ ఎప్పుడు మార్చారో రికార్డు లేదు, అది వచ్చే నెల.