గ్రామీణ రోగులు కుటుంబ వైద్యునిలో ఏమి కోరుకుంటారో ఎలా అడగాలి?

ప్రశ్న:

నమస్కారం. గ్రామాల్లో ఉండేవారు కుటుంబ వైద్యుని సేవల్లో దేనికి ఎక్కువ విలువ ఇస్తారో తెలుసుకోవడానికి నేనొక ప్రశ్నావళి తయారు చేస్తున్నాను. దూరం, నిరీక్షణ, ఖర్చు, మందుల లభ్యత, ప్రతిసారీ అదే వైద్యుడు ఉండడం, ఆయన ఓపికగా వినడం వంటివి వరుసగా రాసి ఒక్కొక్కటి ఎంత ముఖ్యమో చెప్పమంటే, దాదాపు అందరూ అన్నీ చాలా ముఖ్యమనే అంటున్నారు. ఇటువంటి జవాబులతో ఏ నిర్ణయానికీ రాలేము. ఊళ్లకు దగ్గరగా మరిన్ని వైద్యశాలలు తెరవాలా, ఉన్న వైద్యులు ఏళ్ల తరబడి అక్కడే ఉండేలా చూడాలా, పరిమితమైన నిధులను ముందు దేనికి వెచ్చించాలన్నదే నా అసలు సందేహం. అనుభవజ్ఞులు దారి చూపగలరు.

సమాధానం 1:

విడివిడిగా అడిగినంత కాలం జవాబులు ఇలాగే వస్తాయి, ఎందుకంటే అన్నీ కావాలనడానికి రోగికి ఏ ఖర్చూ లేదు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవలసిన పరిస్థితిని అతని ముందుంచాలి. ఉదాహరణకు, ఒక వైద్యశాల నడిచి వెళ్లేంత దగ్గరలో ఉంది కాని అక్కడ వైద్యుడు తరచూ మారిపోతాడు. మరొకదానికి బస్సులో గంట ప్రయాణం, కాని చాలా ఏళ్లుగా అదే వైద్యుడు ఉన్నాడు. మీరు దేనికి వెళతారు? అంశాలను మార్చి మార్చి ఇటువంటి జతలు కొన్ని చూపితే, కొద్దిసేపటి నిరీక్షణ తగ్గడానికి రోగి ఎంత దూరం ప్రయాణించడానికి సిద్ధమో కూడా లెక్కగట్టవచ్చు. ఎంపికలను ఇలా విశ్లేషించే సిద్ధాంతాన్నీ పద్ధతులనూ అభివృద్ధి చేసినందుకే డేనియల్ మెక్‌ఫాడెన్‌కు 2000లో, జేమ్స్ హెక్‌మన్‌తో కలిపి, ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అంశాలు ఐదారుకు మించకుండా చూడండి. చదువురానివారికి బొమ్మలు చూపండి.

సమాధానం 2:

నేను గ్రామీణ ప్రాంతంలో వైద్యం చేస్తున్నాను. పై పద్ధతి మంచిదే, అయితే జబ్బు ఏదో చెప్పకుండా ఆ ప్రశ్న అడగవద్దని నా మనవి. రెండు రోజుల జ్వరానికి ఎవరు చూసినా ఫరవాలేదు, త్వరగా చూస్తే చాలునని రోగి అనుకుంటాడు. అదే మనిషికి మధుమేహమో రక్తపోటో ఉన్నప్పుడు, లేదా మనసుకు సంబంధించిన బాధ ఉన్నప్పుడు, తన కథను కొత్తవారికి మళ్లీ మొదటినుంచి చెప్పుకోవడం భారమవుతుంది. ఇందుకు విరుద్ధమైన స్థితి కూడా ఉంది: చిన్న ఊరిలో వైద్యుడికీ అక్కడి సిబ్బందికీ అందరూ పరిచయస్థులే కనుక, గర్భనిరోధం, లైంగిక వ్యాధులు, మద్యపానం వంటి విషయాల్లో కొందరు తమను ఎరగనివారి కోసం దూరం వెళతారు. స్త్రీలలో చాలామంది ఇటువంటి పరీక్షలకు స్త్రీ వైద్యురాలినే కోరుకుంటారు. వీటన్నిటినీ సగటు చేసి ఒకే అంకెగా రాస్తే అది ఎవరి అభిప్రాయమూ కాదు.

మరొక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. ఒకే వైద్యుడు కొనసాగడం వల్ల కలిగే మేలును ఎన్నడూ అనుభవించనివారు దానికి తక్కువ విలువ ఇవ్వడం సహజం. అంతమాత్రాన దాన్ని పట్టికలో అడుగుకు నెట్టకూడదు. నార్వేలో 2001 నుంచి ప్రతి వ్యక్తికీ ఒక నిర్ణీత వైద్యుడు ఉండే విధానం అమలులో ఉంది. అక్కడ సుమారు 45 లక్షల మంది వివరాలతో 2022లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం, వైద్యునితో ఏడాది పరిచయం మాత్రమే ఉన్నవారితో పోలిస్తే 15 ఏళ్లకు పైగా ఆయన వద్దే ఉన్నవారిలో మరణావకాశం నాలుగో వంతు తక్కువగా ఉంది. అత్యవసరంగా ఆసుపత్రిలో చేరడం కూడా తగ్గింది. ఇది పరిశీలన మీద ఆధారపడిన అధ్యయనమే కాబట్టి కేవలం కొనసాగింపు వల్లనే ఇంత తేడా వచ్చిందని చెప్పలేము. అయినా పరిచయం పెరిగినకొద్దీ ప్రయోజనమూ పెరుగుతూ పోవడాన్ని తేలికగా తీసుకోలేము.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. జ్వరానికీ, దీర్ఘకాలిక వ్యాధికీ, గోప్యత అవసరమైన సమస్యకూ వేర్వేరు జతలు తయారు చేస్తాను. వైద్యశాలలో వేచి ఉన్నవారినే అడగాలనుకున్నాను, అది సరిపోతుందా?

సమాధానం 3:

సరిపోదు. అక్కడ కూర్చున్నవారు ఎలాగో ఒకలా వైద్యశాలకు చేరుకోగలిగినవారు. మంచి వైద్యం అవసరం ఎక్కువగా ఉన్నచోటే అది తక్కువగా దొరుకుతుందని, వేల్స్‌లోని ఒక గనికార్మికుల గ్రామంలో పనిచేసిన వైద్యుడు జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లోనే రాశారు. కాబట్టి ఇళ్లకు వెళ్లి, కదలలేని వృద్ధులనూ, కూలి పోతుందని వైద్యానికి రానివారినీ అడగండి. దగ్గరి వైద్యశాలను దాటుకుని దూరానికి వెళ్లేవారిని మాత్రం తప్పనిసరిగా కలవండి. వారు నోటితో ఏం చెప్పినా, ఆ ప్రయాణానికి పెట్టిన సమయమూ డబ్బూ వారి ఎంపికను ముందే చూపిస్తున్నాయి. దాన్ని మీ జతలకు వచ్చిన జవాబులతో సరిపోల్చుకోవచ్చు.