అప్‌డేట్: మా అంబాసిడర్‌లో గేర్లు పడుతున్నాయి

కొత్త క్లచ్ సెట్టు వేయించిన తరువాత కూడా మా 1984 నాటి అంబాసిడర్‌లో, ఇంజను ఆడుతుండగా పెడలు పూర్తిగా తొక్కినా గేరు పడటం లేదనీ, ఇంజను ఆపితే మాత్రం నాలుగు గేర్లూ సులువుగా పడుతున్నాయనీ గత నెల రాశాను. ఎక్కువమంది హైడ్రాలిక్ లైనులో, అంటే పెడలు ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే ద్రవపు గొట్టంలో, గాలి ఉందన్నారు. రెండుసార్లు గాలి తీయించినా ఒక్క బుడగైనా రాలేదు, ఆ గొట్టం చివరనున్న స్లేవ్ సిలిండరు రాడ్డు, క్లచ్‌ను విడదీసే ఫోర్కును బాగానే నెడుతోంది.

అమలాపురంలో మేస్త్రీ గారు గేర్‌బాక్సు దింపారు. క్లచ్ ప్లేటు తిరగేసి బిగించారేమోనన్న నా అనుమానం తప్పు; స్ప్రింగుల ఉబ్బు గేర్‌బాక్సు వైపే ఉంది. అయితే ఆరేళ్ళు కొబ్బరితోటలోని రేకుల షెడ్డులో కదలకుండా ఉన్న కారు కావడంతో, కోనసీమ తేమకు ఇన్‌పుట్ షాఫ్టు (క్లచ్ ప్లేటు నుంచి గేర్‌బాక్సులోకి తిరుగుడును తీసుకెళ్ళే ఇరుసు; ప్లేటు దీని గాడుల మీదే ముందుకూ వెనక్కూ జరగాలి) గాడుల్లో ఎర్రటి తుప్పు పేరుకుంది. కొత్త ప్లేటును చేత్తో ఎక్కిస్తే సగంలోనే బిగుసుకుపోయింది. పెడలు తొక్కినప్పుడు క్లచ్ ప్లేటును నొక్కి ఉంచే ప్రెషర్ ప్లేటు వెనక్కి జరుగుతున్నా, క్లచ్ ప్లేటు మాత్రం ఇంజనుతో తిరిగే ఫ్లైవీలు చక్రాన్ని వదలక షాఫ్టును తిప్పుతూనే ఉందన్నమాట.

కిరసనాయిలుతో, సన్నటి ఎమెరీ కాగితంతో గాడి గాడీ శుభ్రం చేయడానికి సగం రోజు పట్టింది. గ్రీజు ఎక్కువైతే ప్లేటు మీది రాపిడి పొర అయిన లైనింగు మీదకు చిమ్ముతుందని, పూసినదంతా మళ్ళీ గుడ్డతో తుడిచేశారు.

నిన్న రావులపాలెం అరటి మార్కెట్టు దగ్గర లారీల మధ్య గంటసేపు ఆగుతూ కదులుతూ నడిపాను. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డు ఒక్కసారీ మొరాయించలేదు. మొదటి గేరుకు సింక్రోమెష్ (గేరు పడేముందు పళ్ళ వేగాలను సమం చేసే ఏర్పాటు) లేదు కనుక, బండి పూర్తిగా ఆగకముందే వేస్తే వచ్చే గరగర మాత్రం అలాగే ఉంది.