వానలో కారు జారుతోంది: వెడల్పు టైర్లకు మారితే గ్రిప్పు పెరుగుతుందా?

నాలుగోగేరు:
పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, ముందు చక్రాల డ్రైవ్, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) ఉంది. ఇప్పుడున్న టైర్లు 185/65 ఆర్15 (మొదటి అంకె మి.మీ.లో వెడల్పు). టైరు మీద తయారీ వివరాలుండే డాట్ కోడ్ చివర 1419 అని ఉంది. గాడి లోతు ముందు 2.5 మి.మీ., వెనక 4 మి.మీ. పొడి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. వాన పడితే మాత్రం రెండు సమస్యలు. 40 కి.మీ. వేగంలో కాస్త గట్టిగా బ్రేకు నొక్కినా ఏబీఎస్ కొట్టుకుంటోంది. 85-90 మీద నీళ్లు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్కసారిగా తేలికైపోతోంది. 205/55 ఆర్16 వేయిస్తే రోడ్డుకు ఎక్కువ రబ్బరు ఆనుతుంది, రెండూ పోతాయి అంటున్నారు. నిజమేనా? లేక పాత సైజులోనే మంచి టైరు చూసుకోవాలా?

ట్రెడ్‌గేజ్:
సైజు మార్చకండి. మీ రెండో సమస్య ఇంకా పెరుగుతుంది.

అసలు ఆ రెండూ వేరు వేరు జబ్బులు. 40లో ఏబీఎస్ రావడం పల్చటి నీటి పొర మీద జారడం, అది రబ్బరు వ్యవహారం. 90లో స్టీరింగ్ తేలికవడం టైరు నీళ్ల మీద తేలడం, అంటే ఆక్వాప్లానింగ్. అది గాళ్ల లోతు, వెడల్పు, గాలి, వేగం మీద ఆధారపడుతుంది.

లెక్క చూడండి. ట్రెడ్ (రోడ్డుకు ఆనే గాళ్ల భాగం) వెడల్పు 15 సెం.మీ., నీళ్లు 3 మి.మీ. లోతు, వేగం 90 అనుకుంటే సెకనుకు 25 మీటర్లు. అంటే ఒక్కో ముందు టైరు సెకనుకు 11 లీటర్ల పైచిలుకు నీటిని పక్కకు నెట్టాలి. రోడ్డుకు ఆనే ముద్ర పొడవు 12 సెం.మీ. అనుకుంటే దానికి దొరికే సమయం 5 మిల్లీసెకన్లు కూడా లేదు. ఇప్పుడు ట్రెడ్‌ను 17 సెం.మీ. చేయండి. నీళ్లు 12.75 లీటర్లయ్యాయి. బరువూ గాలీ అవే కాబట్టి ముద్ర వైశాల్యం పెద్దగా మారదు. ఆకారం మారుతుంది, వెడల్పు పెరిగినంత మేర పొడవు తగ్గుతుంది. నెట్టాల్సిన నీళ్లు పెరిగి, సమయం తగ్గింది. "ఎక్కువ రబ్బరు ఆనుతుంది" అన్న మాట ఇక్కడే తేలిపోతుంది.

ముందు టైర్ల 2.5 మి.మీ. గురించి: చాలా దేశాల్లో చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ., గాళ్లలో కనిపించే చిన్న దిమ్మెల ఎత్తు కూడా అంతే. కానీ వాన విషయంలో 3 మి.మీ.కే మార్చేయాలి. కొత్త టైరు గాడి దాదాపు 8 మి.మీ. ఉంటుంది, కాబట్టి మీ ముందు టైర్లలో నీళ్లు పట్టే చోటు మూడో వంతు కూడా మిగల్లేదు. గాళ్లు కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి కూడా. ట్రెడ్ దిమ్మెల మీది సన్నని చీలికలు చాలా టైర్లలో గాడి అడుగు దాకా ఉండవు, సగం అరిగేసరికి కొన్ని మాయమైపోతాయి. కొలిచేటప్పుడు లోపలి అంచు, మధ్య, బయటి అంచు మూడూ కొలవండి. అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) పోయిన కారులో బయటి వైపు బాగానే కనిపిస్తూ లోపలి అంచు గుండైపోయి ఉంటుంది.

రబ్బరుబుర్ర:
మొదటి సమస్య సంగతి. 1419 అంటే 2019లో 14వ వారం, ఏప్రిల్ మొదట్లో తయారైంది. ఆరేళ్లు దాటిన రబ్బరు వేడికీ ఆక్సిజన్‌కీ గట్టిపడుతుంది. గట్టి రబ్బరు రోడ్డు గరుకులోకి దిగదు, పల్చటి నీటి పొరను చీల్చుకుని కంకరను పట్టుకోలేదు. వెనక టైర్లకు 4 మి.మీ. ఉన్నా ఈ విషయంలో అవీ ముసలివే. ఏబీఎస్ లేని గ్రిప్పును పుట్టించదు, ఉన్నదాన్ని వాడుకుంటుందంతే.

కొనేటప్పుడు సిలికా కాంపౌండ్ (సిలికా కలిపిన రబ్బరు) ఉన్నవి చూడండి. తడి గ్రిప్పుకూ తక్కువ రోలింగ్ రెసిస్టెన్స్‌కూ (టైరు దొర్లడానికి అడ్డుపడే నిరోధం) మధ్య ఉన్న పాత పేచీని 1990ల నుంచి చాలావరకు తీర్చింది అదే. యూరప్ లేబుల్ ఉంటే వెట్ గ్రిప్ ఏ లేదా బీ తీసుకోండి (2021 మే నుంచి గ్రేడులు ఏ నుంచి ఈ వరకే). అయితే ఆ పరీక్ష 0.5 నుంచి 1.5 మి.మీ. నీటి మీద, కొత్త టైరుతో, నేరుగా బ్రేకు వేసి చేస్తారు. ఆక్వాప్లానింగ్ గురించి అది ఏమీ చెప్పదు. 'ఏ' గ్రేడు వచ్చిన టైరు కూడా లోతు నీళ్లలో తేలవచ్చు. దానికి గాళ్లు చూడాలి: చుట్టూ తిరిగే వెడల్పాటి గాళ్లు మూడో నాలుగో, వాటి నుంచి అంచుకు తెరుచుకున్న అడ్డగాళ్లు.

అమెరికా పద్ధతి గుర్తులైతే ట్రాక్షన్ (తడి రోడ్డు మీద బ్రేకు పట్టు) ఏఏ లేదా ఏ చూడండి. ట్రెడ్‌వేర్ అంకె అరుగుదల గురించి మాత్రమే. 500 ఉన్నదాన్ని చూసి "ఎక్కువ కాలం వస్తుంది" అని కొనేవాళ్లు పక్కనే ట్రాక్షన్ అక్షరం కూడా చదవాలి.

గాలిలెక్క:
ఎవరూ గాలి ఊసెత్తలేదు. 1963లో నాసా విమాన టైర్ల మీద తేల్చిన సూత్రం ఒకటుంది. దాన్ని మన కొలతల్లోకి మారిస్తే, టైరు తేలే వేగం దాదాపు పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడి కొలత) వర్గమూలానికి 16.65 రెట్లు. 33 పీఎస్‌ఐకి 96 కి.మీ. దగ్గర, 26కి 85 దగ్గర వస్తుంది. ఏడు పాయింట్ల గాలి తగ్గితే 11 కి.మీ. పోయినట్టే. గాలి తక్కువైతే ముద్ర మధ్య భాగం లోపలికి వంగి నీళ్లు అక్కడ చేరతాయి, గాళ్లు కూడా మూసుకుంటాయి.

ట్రెడ్‌గేజ్:
లెక్క సరే, కానీ ఒక షరతు. ఆ సూత్రం నీటి లోతు గాడి లోతును మించినప్పటిది, లేదా గుండు టైరుది. లోతైన గాళ్లుంటే ఇంకా ఎక్కువ వేగం దాకా పట్టు ఉంటుంది. దిశ మాత్రం కరెక్టే. ఇది చదివి ఎవరూ 42 కొట్టించకండి. గాలి మరీ ఎక్కువైతే మధ్య భాగమే ఆని, పల్చటి తడిలో బ్రేకు దూరం పెరుగుతుంది. డోరు పక్క స్టిక్కర్ మీద రాసిన అంకెను, టైర్లు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి.

నాలుగోగేరు:
అర్థమైందండీ, 185కే ఉంటాను. కానీ నాలుగూ ఒకేసారి కుదరదు. ఇప్పుడు రెండే తీసుకుంటే ముందుకు వేయించాలి కదా, అరిగినవి అవే కాబట్టి?

గాలిలెక్క:
కాదు, కొత్తవి వెనక్కే. ఉన్న 4 మి.మీ.వి ముందుకు తెచ్చి, 2.5వి తీసేయండి. ముందు టైర్లు తేలితే స్టీరింగ్ తేలికై తెలిసిపోతుంది, బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ తిప్పకుండా యాక్సిలరేటర్ మెల్లగా వదిలితే మళ్లీ పట్టు దొరుకుతుంది. వెనకవి ముందుగా తేలితే ఏ సూచనా ఉండదు, మలుపులో కారు గిర్రున తిరుగుతుంది. ముందు డ్రైవ్ అయినా ఇదే.

రబ్బరుబుర్ర:
దీనితో 90 దగ్గరి సమస్య తగ్గుతుంది. 40లో ఏబీఎస్ రావడం పెద్దగా తగ్గదు, ఎందుకంటే బ్రేకు భారం ఎక్కువ మోసే ముందు చక్రాలకు 2019 రబ్బరే ఉంటుంది. రెండో జత కొనేదాకా వానలో ముందు బండికి దూరం ఎక్కువ ఉంచండి. ఆ జత కూడా ఇదే మోడల్ తీసుకోండి.

బిగించాక ఒకటి చూసుకోండి. వి ఆకారపు ట్రెడ్ అయితే రొటేషన్ బాణం బండి ముందుకు వెళ్లేటప్పుడు చక్రం తిరిగే వైపే చూపాలి. తిరగేసి వేస్తే గాళ్లు నీటిని బయటికి కాక మధ్యకు తోస్తాయి. ఎడమ కుడి అంచులు వేరుగా ఉన్న ట్రెడ్ అయితే "ఔట్‌సైడ్" అన్న అక్షరాలు బయటికి కనిపించాలి. నాలుగు చక్రాలూ చుట్టి చూశాకే బయల్దేరండి.