డెరాసా క్లామ్‌ను రాయి మీద ఉంచాలా, ఇసుకలో ఉంచాలా?

ప్రశ్న (నల్లగొండ)
అందరికీ నమస్కారం. రెండేళ్లుగా నడుస్తున్న మా 300 లీటర్ల రీఫ్ ట్యాంకులోకి (పగడాల వంటి సముద్రజీవులను పెంచే ఉప్పునీటి తొట్టి) పోయిన నెల హైదరాబాదు నుంచి మూడంగుళాల డెరాసా క్లామ్‌ను (సముద్రపు ఆల్చిప్పల్లో ఒక పెద్ద జాతి) తెచ్చాను. వెలుతురు బాగా అందాలని తెచ్చిన రోజే లైవ్ రాక్ (సూక్ష్మజీవులు చేరిన సముద్రపు రాయి) పైన, ఎల్‌ఈడీ దీపాలకు దగ్గరగా పెట్టాను. అది రెండుసార్లు జారి కింద పడింది. మూడోసారి పెట్టినప్పటి నుంచి మాంటిల్‌ను (చిప్పల మధ్య నుంచి పరుచుకునే మెత్తని కండ) సగమే విప్పుతోంది. వంటింటి ఆర్.ఓ. నీటితోనే ఉప్పు కలుపుతున్నాను గానీ, మా బోరులో ఫ్లోరైడ్ ఎక్కువ కనుక దోషం దానిదేనేమోనని అనుమానంగా ఉంది. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు (మిర్యాలగూడ)
మన జిల్లావాళ్లం ఏ కష్టం వచ్చినా ముందు ఫ్లోరైడ్‌నే తలుచుకుంటాం గానీ, ఇక్కడ దాని తప్పేమీ లేదు. సముద్రపు నీటిలోనే లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ సహజంగా ఉంటుంది. అనుమానించవలసింది మీ వంటింటి ఆర్.ఓ. యంత్రాన్నే, తాగే నీటికి రుచి ఉండాలని అటువంటి యంత్రాలు చాలావాటిలో కొంత బోరు నీటిని తిరిగి కలుపుతారు, దానితో పాటే నైట్రేటు, సిలికేటు ట్యాంకులోకి చేరతాయి. టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) సున్నాకు దగ్గరగా చూపితేనే ఆ నీరు వాడండి.

ఇక చోటు సంగతి. రాయిని పట్టుకుని బతికేవి మాక్సిమా, క్రోసియా జాతులు. క్రోసియా అయితే రాతిని తొలుచుకుని అందులోనే కూర్చుంటుంది. డెరాసాకు ఇసుక నేలే సరైన చోటు, వెలుతురు కూడా వాటికన్నా కొంత తక్కువైనా సరిపోతుంది. ఇసుక కింద ఒక పలుచని రాతిపలకను పెట్టి, మాంటిల్ పైకి చూసేటట్లు దాని మీద కూర్చోబెడితే, క్లామ్ ఆ పలకను పట్టుకుంటుంది, చిప్ప అడుగునున్న రంధ్రంలోకి పురుగులు చేరే అవకాశమూ తగ్గుతుంది. ఇప్పుడు రాతికి నారపోగులు వేసి అతుక్కుని ఉంటే మాత్రం చేత్తో లాగకండి. పోగులతో పాటు లోపలి కండ ఊడివస్తే అది బతకదు. పదునైన బ్లేడుతో పోగులను రాతి దగ్గర కోయండి. దీపాల తీవ్రతను సగానికి తగ్గించి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచండి. మోటారు ధార నేరుగా మాంటిల్‌కు తగలకూడదు. ఒకసారి కూర్చోబెట్టాక రోజూ జరపడం మానండి, నాకు తెలిసి చాలామంది క్లామ్‌లను చంపుకొనేది ఆ ఆత్రంతోనే.

జవాబు (మహబూబ్‌నగర్)
పై సలహాతో ఏకీభవిస్తాను, ఎండల గురించి ఒక్క మాట కలుపుతాను. నీరు 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి రోజుల తరబడి నిలిస్తే, మాంటిల్‌లో ఉంటూ దానికి ఆహారం తయారుచేసే శైవలాలు (కంటికి కనిపించనంత చిన్న నాచు) వెళ్లిపోయి కండ తెల్లబడుతుంది. చిల్లర్ లేనివారు నీటి మీదికి ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అయితే ఆవిరయ్యేది నీరే కాని ఉప్పు కాదు కనుక, తగ్గినంత మేర ఆర్.ఓ. నీటినే పోయాలి. కరెంటు పోయినప్పుడు దీపాలు ఆగినా ఫరవాలేదు, నీటిని తిప్పే మోటారును ఇన్వర్టరు మీద ఉంచండి. చేపల తెల్లమచ్చల జబ్బుకు రాగి మందును ఆ ట్యాంకులో ఎన్నడూ వేయకండి.

జవాబు (సూర్యాపేట)
రసీదులో జాతి పేరు రాసి ఉందో లేదో చూసుకోండి. మాక్సిమా, స్క్వామోసా జాతులను మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. డెరాసా పేరుతో అవి చేతికి వస్తే తరువాత చిక్కులు మీకే.

ప్రశ్న అడిగినవారు
ధన్యవాదాలు. మీటరు 85 చూపింది, కలిపే గొట్టాన్ని మూయించాను. పోగులు కోసి నిన్న సాయంత్రం పలక మీద పెట్టాను. ఈ ఉదయం చేతి నీడ పడగానే చటుక్కున ముడుచుకుని, కాసేపటికి మునుపటికన్నా వెడల్పుగా విప్పింది. రసీదులో మాత్రం “క్లామ్, 1” అని తప్ప మరేమీ లేదు, రేపు దుకాణానికి ఫోను చేస్తాను.