తోడాల పూతుకుళి: బొమ్మలకు ఎలా కప్పాలి? అసలు చేతికుట్టును ఎలా పోల్చుకోవాలి?

చేనేతగది:
పశువులే జీవనాధారంగా బతికిన జాతుల దుస్తుల మీద చిన్న ప్రదర్శన పెడుతున్నాం. నీలగిరుల తోడాలకు ఒక మూల కేటాయించాం. నిలువెత్తు బొమ్మలు రెండు, ఒకటి మగ, ఒకటి ఆడ. రెండింటికీ పూతుకుళి, అంటే తోడాలు కప్పుకునే కుట్టుపని శాలువా, కప్పాలి. ఊటీ బజారులో ఎరుపు, నలుపు గీతల శాలువాలు కుప్పలుగా ఉన్నాయి, వాటిలో చేతికుట్టు ఏది, మగ్గం మీదో మిషను మీదో దింపింది ఏది అన్నది మొదటి చిక్కు. ఆడవాళ్లు, మగవాళ్లు కప్పుకునే తీరులో తేడా ఏమిటి? ఎర్రదారం రంగు దిగితే ఏం చేయాలి? ఆడబొమ్మ చేతిలో పాలకుండ పెట్టే ఆలోచన కూడా ఉంది.

పడుగుపేక:
ముందు గుడ్డ చూడండి. తెలుపు చేయని ముతక నూలుగుడ్డ, మనం కోరాగుడ్డ అనేదే. నిడివి దాదాపు 9 అడుగులు. నిలువుగా రెండు మడతలుగా వేసి ఉంటుంది, ఆ మడతలోనే జేబులాంటి చోటు ఏర్పడుతుంది. కొసల దగ్గర ఎరుపు, నలుపు పట్టీలు నేతలోనే వస్తాయి. కుట్టు ఆ పట్టీల మధ్య ఖాళీలో పడుతుంది.

ఈ కుట్టుకు గీసుకున్న నమూనా ఉండదు, ఫ్రేము ఉండదు. కుట్టే మనిషి పడుగు, పేక పోగులు లెక్కపెట్టుకుంటూ సూది దింపుతుంది. పని గుడ్డ వెనుక వైపు నుంచి సాగుతుంది. దారాన్ని బిగించి లాగకుండా కాస్త ఉబ్బుగా వదులుతుంది కాబట్టి వేలితో తడిమితే కుట్టు పైకి తేలి ఉంటుంది. మిషను కుట్టు చదునుగా, అన్ని చోట్లా ఒకే బిగువుతో ఉంటుంది. వెనక్కి తిప్పితే అడుగు దారం వేరేగా, అల్లిబిల్లిగా కనిపిస్తుంది. అసలుదానికి రెండు వైపులా చక్కగానే ఉంటాయి. ఒక పువ్వులో పోగుల లెక్క పక్క పువ్వులోనూ సరిపోతుందా లేదా భూతద్దం పెట్టి చూడండి. సరిపోయినా, బిగువులో చిన్న చిన్న తేడాలుంటాయి. చేతి గుర్తు అదే.

గేదె కొమ్ములు, సీతాకోకచిలుక రెక్కలు, తేనెపట్టు, అంచున కుందేలు చెవులు... ఇవి కనబడతాయి. తోడా కుట్టుకు 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా బజారులో కొనేకంటే తోడా స్త్రీల సంఘాల దగ్గర కొనడమే మేలు. ధర ఎక్కువే ఉంటుంది. నిండుగా కుట్టిన పెద్ద శాలువాకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది మరి. బేరమాడకండి.

మందదారి:
కప్పే తీరు చెబుతాను. మగవాళ్లు ఎడమ భుజం మీదుగా వేసుకుని కుడిచేయి వదిలేస్తారు. ఆడవాళ్లు రెండు భుజాలూ మూసి ముందుకు చుట్టుకుంటారు, చేత్తోనే పట్టుకుంటారు. పిన్నులు, ముడులు ఉండవు. బొమ్మకు జారకుండా ఉండాలంటే భుజాల మీద ముందుగా నూలు టేపు చుట్టి దాని మీద గుడ్డ ఆనించండి. కుట్టుపని ఉన్న కొస బయటికి కనబడాలి. ఆడబొమ్మకు వెంట్రుకలు పెట్టేట్టయితే వెన్న రాసి ఉంగరాలుగా చుట్టిన పొడవైన కురులు పాతకాలపు పద్ధతి.

మగవాళ్ల కుడి భుజం బయట పెట్టడంలో మర్యాద కూడా ఉంది. పాలగుడి, అంటే పవిత్ర గేదెల పాల పని జరిగే గుడి, ఎదురైనప్పుడు, పవిత్రమైన గేదెలు ఎదురైనప్పుడు కుడిచేయి శాలువాలోంచి బయటికి తీయడం గౌరవం చూపే పద్ధతి. బొమ్మ కుడి భుజం మూసేస్తే తోడాలకు అది వెంటనే కంటికి కొడుతుంది.

పాలకుండ మాత్రం ఆడబొమ్మ చేతిలో పెట్టొద్దు, దయచేసి. సంప్రదాయం ప్రకారం పాలు పితకడం, చిలకడం మగవాళ్ల పని. పవిత్ర గేదెల పాలు పాలగుడిలో పూజారి చేతిలోనే నడుస్తాయి, ఆడవాళ్లు ఆ గడప తొక్కరు. ఆడబొమ్మ చేతిలో సూది, సగం కుట్టిన గుడ్డ పెట్టండి, అది నిజం. పాలు పట్టే వెదురు గొట్టం మగబొమ్మకు ఇవ్వండి. వెనక గోడ మీద వేసే చిత్రంలో ఆవును గీయకండి. వాళ్ల మందలు గేదెలే, కొమ్ములు విశాలంగా విచ్చుకుని ఉంటాయి. పాలలో వెన్న శాతం 8 దాకా ఉంటుంది.

కోరానూలు:
రంగు సంగతి. కొన్నవెంటనే ఉతకకండి. తెల్లటి తడిగుడ్డను ఎర్రదారం మీద అద్దండి. మరక పడితే ఆ శాలువాను నీళ్లలో ముంచవద్దు, దుమ్ము మెత్తటి బ్రష్‌తో తీయడమే. మరక పడకపోతే చన్నీళ్లలో, కొద్దిగా కుంకుడు రసంతో, ఒక్కసారి ముంచి తీయాలి. నానబెట్టవద్దు, పిండవద్దు. తువ్వాలు మీద పరిచి చుట్టచుట్టి నీరు లాగి, నీడలో ఆరేయాలి.

అప్పటికీ ఎరుపు కోరాలోకి దిగితే అది ఆరకముందే చన్నీళ్లు మార్చి మార్చి కడగండి. ఆరిందంటే మరక గట్టిపడుతుంది. బ్లీచింగ్ మాత్రం వద్దు. నూలు బలహీనపడుతుంది, కుట్టులో ఉన్ని దారం వాడి ఉంటే అది తినేసినట్టు ఊడిపోతుంది.

ఇస్త్రీ చేయాల్సి వస్తే కుట్టును కింద పెట్టి, మెత్తటి తువ్వాలు మీద, గుడ్డ వెనుక నుంచే చేయండి. నేరుగా చేస్తే పైకి తేలిన ఉబ్బు అణిగిపోయి మళ్లీ లేవదు. ఉన్ని దారం ఉంటే పురుగు పట్టే అవకాశం ఉంది, వేపాకును పలచటి గుడ్డలో మూటకట్టి పక్కన పెట్టండి, శాలువాకు తగలనివ్వకండి. ప్రదర్శన నెల దాటితే దీపాల వెలుగుకు ఎరుపు ముందు పాలిపోతుంది. వెలుగు తగ్గించండి, మడతలు వారానికోసారి మార్చండి, లేదంటే మడత గీత దగ్గర నూలు తెగుతుంది.

చేనేతగది:
పాలకుండ తీసేశాం. ఆడబొమ్మకు సూది, కుట్టు ఇస్తున్నాం. పాలగుడి కప్పు గడ్డి గురించి కూడా ఒక పలక పెట్టవచ్చా?

మందదారి:
పెట్టండి. పాలగుడి పైకప్పుకు వాడే గడ్డికి తోడాల పేరు అవ్‌ఫుల్. నీలగిరుల బురదనేలల్లోనే పెరుగుతుంది. ఆ తడినేలలు తేయాకు తోటలుగా, కూరగాయల పొలాలుగా మారడంతో గుడి కప్పు మార్చాల్సి వచ్చినప్పుడు ఇప్పుడు దూరం నుంచి కోసి తేవాల్సి వస్తోంది. ఫొటో కావాలంటే గుడికి కాస్త దూరం నుంచి, మంద్ (తోడాల ఊరు) పెద్దల అనుమతి తీసుకుని, పాలగుడి ఆవరణలోకి అడుగు పెట్టకుండా తీయించండి.